ఒక బట్టల కొట్టు మూసేస్తే ఊరంతా ఏడవడమేంటి? (ఫిలడెల్ఫియా వానమేకర్ బిల్డింగ్)

కొత్త_హెచ్‌వన్
నిన్న, అంటే 2025 మార్చి 23 ఆదివారం, డౌన్‌టౌన్‌లో మేసీస్ మూసేశారు. ఇవాళ ఆఫీసుకి వెళ్తే మా మేనేజర్, అరవై దగ్గర పడ్డ మనిషి, మీటింగ్ మధ్యలో ఆ కొట్టు మాటెత్తి గొంతు పూడుకుపోయి ఆగిపోయాడు. పక్క సీటావిడ టిష్యూ అందించింది. నాకేమో నవ్వాలో ఓదార్చాలో తెలీలేదు. నేను అక్కడ కొన్నది మొత్తం రెండు చొక్కాలు, ఒక దుప్పటి. అవీ డిస్కౌంట్‌లో. మేసీస్ దేశం నిండా ఉన్నాయి కదా, దీనికి ఇంత గోల దేనికి? పాతకాపులు ఎవరైనా చెప్పండి.

గుంటూరు_ఘాటు
రెండు చొక్కాలు డిస్కౌంట్‌లో కొన్నావు చూడు, మూతపడింది అందుకే.

మార్కెట్_స్ట్రీట్_మావయ్య
వాళ్లు ఏడ్చేది మేసీస్ కోసం కాదు బాబూ. మేసీస్ ఆ ఇంట్లో 2006లో దిగిన అద్దెకాపు లాంటిది. ఆ ఇల్లు వానమేకర్‌ది. మార్కెట్ వీధిలో 13వ వీధి మలుపు నుంచి జూనిపర్ వీధి దాకా, ఒక బ్లాకు బ్లాకంతా పన్నెండు అంతస్తుల రాతి కట్టడం. నేను ఈ ఊరొచ్చి ముప్ఫై మూడేళ్లు. వచ్చినప్పుడు బోర్డు మీద ఇంకా వానమేకర్ పేరే ఉండేది. తీరిగ్గా రాత్రికి రాస్తాను, ఇప్పుడు డ్యూటీలో ఉన్నా.

పులిహోర_పార్సెల్
వాన మేకర్ ఆ? మేఘమథనం చేసేవాడా?

గుంటూరు_ఘాటు
@పులిహోర_పార్సెల్ ఈ జోకు ఎవరో ఒకరు వేస్తారని తెలుసు. మొదటి అయిదు పోస్టుల్లోనే పడింది.

ఎక్స్‌టన్_అక్క
లోపల గ్రాండ్ కోర్ట్ అని పెద్ద హాలు ఉంటుంది, చూశావా తమ్ముడూ? ఏడంతస్తుల ఎత్తు, చుట్టూ పాలరాతి స్తంభాలు, వసారాలు. మధ్యలో కంచు గద్ద. "గద్ద దగ్గర కలుద్దాం" అనేది ఈ ఊళ్లో ఒక మాట. సెల్‌ఫోన్లు లేని రోజుల్లో పెళ్లిచూపుల దగ్గర్నుంచి తప్పిపోయిన పిల్లల దాకా అన్నీ దాని కిందే. మా అమ్మా నాన్నా రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్లాను. అమ్మ దాన్ని చూడగానే చెప్పులు విడిచి దణ్ణం పెట్టేసింది. "గరుత్మంతుడే!" అంది. సెక్యూరిటీ అతను కూడా నవ్వి చెయ్యి ఊపాడు.

కొత్త_హెచ్‌వన్
గద్దని చూశానక్కా. దాని పక్కనే ఫోన్ చార్జింగ్‌కి ప్లగ్గు వెతుక్కున్నాను కూడా. దానికి ఇంత చరిత్ర ఉందని తెలీదు.

మార్కెట్_స్ట్రీట్_మావయ్య
ఇప్పుడు వినండి. పెద్ద పోస్టే, టీ పెట్టుకుని కూర్చోండి.

జాన్ వానమేకర్ 1838లో ఈ ఊళ్లోనే పుట్టాడు. 1861లో, సరిగ్గా అంతర్యుద్ధం మొదలైన నెలలో, బావమరిదితో కలిసి ఆరో వీధి మలుపులో మగవాళ్ల బట్టల కొట్టు పెట్టాడు. పేరు ఓక్ హాల్. మొదటి రోజు అమ్మకం 24 డాలర్ల 67 సెంట్లు. అందులో 24 డాలర్లు ప్రకటనలకి పెట్టేసి, 67 సెంట్లు మర్నాటి చిల్లరకి ఉంచుకున్నాడని చెప్తారు. మనిషి తత్వం అక్కడే తెలిసిపోతుంది.

తర్వాత 13వ వీధి దగ్గర పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వాళ్లు వదిలేసిన పాత గూడ్స్ షెడ్డు కొన్నాడు. కొన్నవాడు వెంటనే కొట్టు తెరిచాడా? లేదు. ముందు మూడీ, శాంకీ అనే మత ప్రచారకుల సభలకి ఇచ్చాడు. వేలమంది రోజూ అక్కడికి రావడం అలవాటయ్యాక, 1876లో అదే షెడ్డులో "గ్రాండ్ డిపో" తెరిచాడు. అమెరికా స్వాతంత్ర్యానికి నూరేళ్లని ఆ ఏడాది ఈ ఊళ్లోనే పెద్ద ఎగ్జిబిషన్. చూడ్డానికి వచ్చిన జనమంతా ఇతని కొట్టు కూడా చూసి వెళ్లారు. మరుసటి ఏడాదికల్లా బట్టలొక్కటే కాదు, ఆడవాళ్ల సామాను, ఇంటి సామాను అన్నీ ఒకే కప్పు కింద పెట్టాడు. 1878లో కరెంటు దీపాలు, మరుసటి ఏడాది టెలిఫోను.

ఇప్పుడున్న భవనం ఆ షెడ్డు ఉన్న చోటే లేచింది. కట్టిన తీరు భలే ఉంటుంది. వ్యాపారం ఆపకుండా, మూడు ముక్కలుగా కట్టారు. ఒక ముక్క లేపి కొట్టుని అందులోకి జరిపి, పాతది కూల్చి, ఆ చోట తర్వాతి ముక్క. 1904లో మొదలుపెట్టి 1911కి పూర్తి చేశారు. ఆర్కిటెక్టు చికాగో డేనియల్ బర్నమ్, న్యూయార్క్‌లో ఇస్త్రీపెట్టె ఆకారంలో ఉండే ఫ్లాట్‌ఐరన్ బిల్డింగ్ కట్టినాయన. ప్రారంభానికి ఎవరొచ్చారో తెలుసా? సాక్షాత్తూ ప్రెసిడెంట్ టాఫ్ట్. 1911 డిసెంబర్ 30న. బట్టల కొట్టు రిబ్బన్ కటింగ్‌కి దేశాధ్యక్షుడు!

పులిహోర_పార్సెల్
మా ఊళ్లో బట్టల షాపు ఓపెనింగ్‌కి హీరోయిన్ వస్తే మూడు గంటలు ట్రాఫిక్ జామ్. టాఫ్ట్ గారు మూడొందల పౌండ్ల పైచిలుకు మనిషి కదా, ఆ రోజు లిఫ్టు సంగతేంటో.

హార్మోనియం_శాస్త్రి
అసలు సంగతి వదిలేశారు మావయ్యా. ఆ హాల్లో ఉన్న గొట్టాల వాయిద్యం, ఆర్గన్.

మార్కెట్_స్ట్రీట్_మావయ్య
@హార్మోనియం_శాస్త్రి మీకోసమే వదిలాను. కానివ్వండి.

హార్మోనియం_శాస్త్రి
1904లో సెయింట్ లూయిస్‌లో ప్రపంచ ఎగ్జిబిషన్ జరిగింది. దానికోసం లాస్ ఏంజెలిస్ కంపెనీ ఒకటి పదివేల పైచిలుకు గొట్టాలతో ఒక ఆర్గన్ చేసింది. ఖర్చు తడిసి మోపెడై కంపెనీ దివాలా తీసింది. వాయిద్యం గోడౌన్లో పడి ఉంటే 1909లో వానమేకర్ కొన్నాడు. ఇక్కడికి తేవడానికి 13 గూడ్స్ వ్యాగన్లు పట్టాయి. బిగించడానికి రెండేళ్లు. 1911 జూన్ 22న, లండన్‌లో అయిదో జార్జ్‌కి పట్టాభిషేకం జరిగే వేళకి సరిగ్గా, ఇక్కడ మొదటిసారి మోగించారు.

మోగిస్తే ఏమైంది? హాలుకి చాల్లేదు! పదివేల గొట్టాల నాదం ఆ ఎత్తులో పలచబడిపోయింది. ఇంకొకరైతే సరిపెట్టుకునేవారు. వీళ్లు పన్నెండో అంతస్తులో సొంతంగా ఆర్గన్ వర్క్‌షాపే పెట్టేశారు. మనవాళ్లు గుడికి మండపం మీద మండపం కట్టుకుంటూ పోయినట్టు, తండ్రి జాన్, ఆ తర్వాత కొడుకు రాడ్‌మన్ పెంచుతూనే పోయారు. ఆ పని 1930 దాకా సాగింది. ఇప్పుడు 28,750 గొట్టాలు. చిన్న గొట్టం పావు అంగుళం. పెద్దది 32 అడుగుల చెక్క గొట్టం, ఎంత లావంటే పబ్లిసిటీ ఫోటో కోసం దానిలో ఒక పోనీ గుర్రాన్ని నిలబెట్టారు. వాయించే బల్ల మీద వేళ్లతో నొక్కే మెట్ల వరసలు ఆరు. నా హార్మోనియానికి ఒకటి.

తెలీనివాళ్ల కోసం చిన్న మాట. హార్మోనియంలో గాలికి రీడ్లు కొట్టుకుని పలుకుతాయి. ఇక్కడ ఎక్కువ గొట్టాలు పిల్లనగ్రోవి బంధువులు. అందుకే సన్నగా మొదలైతే వేణువులా ఉంటుంది, అన్నీ తెరిస్తే కాళ్ల కింద నేల వణుకుతుంది. ఆదివారాలు తప్ప రోజుకి రెండుసార్లు వాయించేవారు, ఉచితం. లంచ్ టైములో వెళ్లి చెప్పుల సెక్షన్లో స్టూలు మీద కూర్చుని వినేవాణ్ణి. పద్దెనిమిదేళ్లలో చెప్పులు ఒక్కసారే కొన్నాను, ఆ పాపం నాదీ.

గుంటూరు_ఘాటు
ఏంటి, చెప్పుల సెక్షన్లో ప్రపంచంలోనే పెద్ద ఆర్గన్?

అట్లాంటిక్_సిటీ_ఆనంద్
ఒక్క నిమిషం. ప్రపంచంలో పెద్దది మా ఊళ్లోది. బోర్డ్‌వాక్ హాల్లో ఉంది, 33 వేల పైన గొట్టాలు. గంటన్నర ప్రయాణం, వచ్చి లెక్కపెట్టుకోండి.

హార్మోనియం_శాస్త్రి
@అట్లాంటిక్_సిటీ_ఆనంద్ లెక్కకి మీదే పెద్దది, ఒప్పుకుంటాను. కానీ మీ దాంట్లో చాలా భాగం దశాబ్దాలుగా మూగ. మరమ్మతులు ఇంకా నడుస్తున్నాయి. పూర్తిగా మోగే వాటిలో పెద్దది మాది. పదెకరాలున్నా పండేది నాలుగే అయితే ఏం లాభం?

అట్లాంటిక్_సిటీ_ఆనంద్
పండినా పండకపోయినా పాస్‌బుక్కులో పదెకరాలే కదా మాస్టారూ.

ఎక్స్‌టన్_అక్క
గద్ద కూడా ఆ సెయింట్ లూయిస్ ఎగ్జిబిషన్ నుంచి వచ్చిందే. జర్మనీ వాళ్ల ప్రదర్శనలో పెట్టింది, ఆగస్ట్ గాల్ అనే శిల్పి చేసింది. 2,500 పౌండ్లు, అంటే 1,100 కిలోల పైమాటే. ఆ బరువుకి కింద నేలకి అదనంగా దూలాలు వెయ్యాల్సి వచ్చింది. ఈకలు ఒక్కొక్కటీ విడిగా చేసి అతికించినవి.

కోఠి_కుర్రాడు
అంతా బానే ఉంది. కానీ ధర చీటీ కనిపెట్టింది వానమేకరే అని ఎక్కడో చదివాను. నిజమేనా? అంతకుముందు అమెరికాలో కూడా మన సుల్తాన్ బజార్ లాగా బేరమేనా?

మార్కెట్_స్ట్రీట్_మావయ్య
బేరమే. కొట్లో గుమాస్తా నీ మొహం, నీ కోటు చూసి రేటు చెప్పేవాడు. వానమేకర్ వస్తువు మీద ధర రాసి పెట్టాడు. అందరికీ అదే ధర, నచ్చకపోతే వెనక్కి తెస్తే డబ్బు వాపసు. ఆయన చిన్నప్పుడు అమ్మకి క్రిస్మస్‌కి ఏదో నగ కొన్నాడట, కొన్న నిమిషంలో ఇంకోటి నచ్చి మార్చమంటే కొట్టువాడు కుదరదన్నాడట. అది మనసులో పెట్టుకుని ఈ పద్ధతి పెట్టాడని చెప్పుకునే కథ.

పాత_పుస్తకాల_పంతులు
కథ బాగుంది గానీ కనిపెట్టింది ఆయన అంటే ఒప్పుకోను. న్యూయార్క్‌లో ఏ.టీ. స్టీవార్ట్ అనే వ్యాపారి అంతకుముందే ఒకటే ధర పెట్టాడు. పారిస్‌లో బాన్ మార్షే అనే కొట్టు 1850లలోనే ధర చీటీలు, వాపసు రెండూ పెట్టింది. ఇంకా వెనక్కి వెళ్తే క్వేకర్ మతస్థులైన వ్యాపారులు బేరం ఆడటమంటే అబద్ధం ఆడటమేనని ఒకే మాట మీద అమ్మేవాళ్లు. ఫిలడెల్ఫియా కట్టిందే క్వేకర్లు, కాబట్టి ఇక్కడ గాలిలోనే ఉంది ఆ పద్ధతి. వానమేకర్ గొప్పదనం కనిపెట్టడంలో కాదు, ఊరంతా టముకు వేసి చెప్పడంలో ఉంది. సొంత ప్రకటనలు రాయడానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకున్నాడు. "ప్రకటనల మీద పెట్టే డబ్బులో సగం వృథా, ఏ సగమో తెలీదు" అనే మాట ఆయనదే అంటారు. దానికీ ఆధారం లేదు, అది వేరే సంగతి.

రెండో_షిఫ్ట్
పంతులు గారు చెప్పింది కరెక్ట్. ఇంకోటి కూడా రాయండి మరి. యూనియన్ అంటే ఆయనకి పడేది కాదు. పనివాళ్లకి చదువు, పాటలు, బ్యాండు, వేసవి క్యాంపు అన్నీ ఇచ్చాడు, కానీ సంఘం పెట్టుకుంటే మాత్రం ఇంటికే. ధర్మప్రభువులందరిదీ ఇదే వరస.

మార్కెట్_స్ట్రీట్_మావయ్య
@రెండో_షిఫ్ట్ కాదనను. 1889 నుంచి 1893 దాకా దేశానికి పోస్ట్‌మాస్టర్ జనరల్ కూడా చేశాడు. ఎన్నికలకి చందాలు పోగేసినందుకే ఆ పదవని అప్పటి పేపర్లు దులిపేశాయి. పల్లెల్లో ఇంటింటికీ ఉత్తరాలు అందించాలని పట్టుబట్టింది మాత్రం ఆయనే. కొలంబస్ స్టాంపులు కూడా ఆయన హయాంలోవే. మనిషిలో అన్నీ ఉన్నాయి.

కోఠి_కుర్రాడు
ధరల సంగతి సరే. నాకో ప్రశ్న. మన దగ్గర ఇలా కొట్టు వల్ల ఊరికి పేరు వచ్చిన చోటు చెప్పండి చూద్దాం.

పులిహోర_పార్సెల్
క్విజ్జా? ప్రైజ్ ఏంటి?

కోఠి_కుర్రాడు
ఆబిడ్స్! ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆల్బర్ట్ ఆబిడ్ అనే అర్మేనియన్ ఉండేవాడు. నిజాం బట్టలూ నగలూ అన్నీ అతని అజమాయిషీలో. అతనే అక్కడ కొట్టు పెట్టాడు. ఇప్పుడు కొట్టూ లేదు, ఆబిడూ లేడు, పేరు మాత్రం బస్సు బోర్డు మీద మిగిలింది. 1891లో జాకబ్ వజ్రం బేరంలో కూడా మధ్యవర్తి ఇతనే. 184 క్యారెట్ల చిల్లర. ఆ బేరం చెడి కలకత్తా హైకోర్టు దాకా వెళ్లింది. తర్వాతి నిజాం దాన్ని పేపర్‌వెయిట్‌గా వాడుకున్నాడు.

నిజాం వేసిన బట్ట మళ్లీ వేసేవాడు కాదట. ఆబిడ్ వాటిని తీసుకెళ్లి కొన్నాళ్లాగి మళ్లీ నిజాంకే కొత్తవని అమ్మేవాడని మా తాతయ్య చెప్పేవాడు. నిజమో కాదో గానీ, ధర చీటీ లేని వ్యాపారం అంటే అదీ.

గుంటూరు_ఘాటు
వాపసు పాలసీ కూడా లేదు. చూశారా, ఎంత లాభమో.

ఎక్స్‌టన్_అక్క
వాపసు అంటే గుర్తొచ్చింది. పోయిన నెల ఒక ఆన్‌లైన్ షాపులో లెహంగా వెనక్కి పంపాను, మూడు వారాలుగా ఇంకా పరిశీలనలో ఉందట. 1870లలో వానమేకర్ చేసింది 2025లో చెయ్యలేకపోతున్నారు.

కొత్త_హెచ్‌వన్
థ్రెడ్ లెహంగాల వైపు వెళ్లకముందే ఒక్కటి చెప్పండి. ఇంత గొప్ప కొట్టు ఎందుకు పోయింది?

రెండో_షిఫ్ట్
కారు. శివార్లలో మాల్స్. ఆన్‌లైన్. అయిపోయింది.

మార్కెట్_స్ట్రీట్_మావయ్య
అంత పొట్టిగా అయితే కుదరదు గానీ, అదే. జాన్ 1922లో, రాడ్‌మన్ 1928లో పోయారు. ఆ తర్వాత ట్రస్టు చేతిలో నడిచింది. 1978లో కాలిఫోర్నియా కంపెనీకి అమ్మేశారు. అక్కణ్ణుంచి ఇక చేతులు మారడమే. 1980లలో వాషింగ్టన్ వుడ్‌వర్డ్ అండ్ లోత్రాప్ వాళ్లకి, వాళ్లు దివాలా తీశాక 1995లో హెక్ట్స్ బోర్డు, 1997లో లార్డ్ అండ్ టేలర్, 2006లో మేసీస్.

బోర్డు మారినప్పుడల్లా కొట్టు కుంచించుకుపోయింది. ఒకప్పుడు ఎనిమిదో అంతస్తు నిండా బొమ్మలు. పైకప్పు కింద వేలాడుతూ పిల్లలకి మోనోరైలు తిరిగేది. ఆ రైలు పెట్టె ఇప్పుడు పిల్లల మ్యూజియంలో ఉంది. తొమ్మిదో అంతస్తులో క్రిస్టల్ టీ రూమ్. చివరికి కింద మూడంతస్తులు మిగిలాయి, పైనంతా ఆఫీసులు. నేను ఈ ఊరొచ్చిన కొత్తలో ఆరో అంతస్తులో సూట్‌కేసు కొన్నాను. నాలుగేళ్ల తర్వాత దాని చక్రం ఊడితే మార్చుకుందామని వెళ్తే, ఆ అంతస్తుకి ఎస్కలేటరే ఎక్కనివ్వలేదు. అక్కడ ఏదో ఆఫీసు.

పులిహోర_పార్సెల్
నాలుగేళ్ల తర్వాత వాపసుకా? మావయ్యా, వానమేకర్‌ని ముంచింది మీరే.

పాత_పుస్తకాల_పంతులు
పేర్లు ఇన్నిసార్లు మారినా ఆర్గన్‌ని ఎవరూ ఆపలేదు, గద్దని ఎవరూ కదపలేదు. 1978లోనే భవనం నేషనల్ హిస్టారిక్ ల్యాండ్‌మార్క్, అంటే జాతీయ చారిత్రక కట్టడం, అయింది. 1991 నుంచి ఆర్గన్ కోసం అభిమానుల సంఘం ఒకటి ఉంది, రిపేర్లకి డబ్బు వాళ్లే పోగేస్తారు. కంపెనీలకి అది ఖర్చు. కానీ తీసేస్తామన్నవాడు ఈ ఊళ్లో తలెత్తుకు తిరగలేడు.

కోఠి_కుర్రాడు
నాకు వేరే అభిప్రాయం ఉంది. కొట్టు నడవనప్పుడు అంత చోటు ఉత్తినే ఉంచడం దేనికి? కొత్త ఓనర్లు న్యూయార్క్ బిల్డర్లు, పై అంతస్తుల్లో అపార్ట్‌మెంట్లు పెడతామంటున్నారు. మంచిదే కదా? మన దగ్గరైతే పాత బంగళా కూల్చి గేటెడ్ కమ్యూనిటీ, దానికి ఆ పాత బంగళా పేరు. ఇక్కడ కనీసం గోడలైనా ఉంటాయి.

హార్మోనియం_శాస్త్రి
అపార్ట్‌మెంట్లు పెట్టుకోమనండి. ఆర్గన్ గదులు రెండో అంతస్తు నుంచి ఏడో అంతస్తు దాకా ఉన్నాయి. పక్క ఫ్లాటువాడు "మధ్యాహ్నం నిద్ర పట్టడం లేదు" అని కంప్లెయింట్ ఇచ్చిన రోజు చూద్దాం.

ఎక్స్‌టన్_అక్క
నాకు దిగులంతా క్రిస్మస్ లైట్ల గురించే. 1956 నుంచి ఏటా వేస్తున్నారు. గ్రాండ్ కోర్ట్ గోడ నిండా లక్ష దాకా బల్బులు, రెయిన్‌డీర్లు, రైళ్లు, ఆర్గన్ సంగీతం. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని చూస్తారు, మన తిరునాళ్లలో తోలుబొమ్మలాట చూసినట్టు. మా పిల్లలిద్దరూ ఆ నేల మీద కూర్చునే పెరిగారు. చివరి వారాంతం వెళ్లాను. అరలన్నీ ఖాళీ, మొండి హ్యాంగర్లకీ బొమ్మలకీ కూడా రేట్లు కట్టి అమ్ముతున్నారు. ఆర్గన్ దగ్గర మాత్రం అన్ని అంతస్తుల వసారాల్లోనూ జనం, అడుగు తీసి అడుగు వెయ్యలేం. పక్కనున్న ముసలాయన వాళ్లావిడని మొదట చూసింది గద్ద దగ్గరేనని చెప్పాడు. ఎవరితో చెప్తున్నాడో కూడా చూసుకోలేదు, గాల్లోకి చెప్పాడు.

గుంటూరు_ఘాటు
ఇప్పుడు నాకు జోకు రావడం లేదు.

అట్లాంటిక్_సిటీ_ఆనంద్
సరే, మీ ఆర్గనే పెద్దది. ఇవాళ్టికి.

కొత్త_హెచ్‌వన్
డిసెంబర్‌లో ఈ థ్రెడ్ తవ్వి తీస్తున్నందుకు తిట్టకండి. లైట్లు మళ్లీ వేశారు! ఊళ్లోవాళ్లు విరాళాలు పోగేసి, థాంక్స్‌గివింగ్ అయ్యాక మొదలుపెట్టారు. దీని తర్వాత పనుల కోసం హాలు మూసేస్తారట.

మార్చిలో గొంతు పూడుకుపోయిన మా మేనేజర్ లేడూ, ఆయనే టీమ్ అంతటినీ రమ్మన్నాడు. మెసేజ్‌లో ఒకటే లైను: గద్ద దగ్గర, అయిదున్నరకి. లొకేషన్ పిన్ కూడా పంపలేదు. 13వ వీధి స్టేషన్లో దిగి లోపలికి వెళ్తే కౌంటర్లు లేవు, బట్టలు లేవు, సెంటు కొట్టేవాళ్లు లేరు. హాలు అంత పెద్దదని అప్పుడే తెలిసింది. గద్ద చుట్టూ నాలాగే ఎవరికోసమో చూస్తూ యాభై మంది దాకా ఉన్నారు.

ఎక్స్‌టన్_అక్క
మేమూ శనివారం వెళ్లాం. అమ్మకి వీడియో కాల్ చేసి చూపించాను. లైట్లు కాదు, ముందు గరుత్మంతుణ్ణి చూపించమంది.

హార్మోనియం_శాస్త్రి
ఆర్గన్ విన్నావా బాబూ?

కొత్త_హెచ్‌వన్
విన్నాను మాస్టారూ. మొదలవగానే జేబులో ఫోన్ వైబ్రేట్ అవుతోందనుకుని తీసి చూశాను. ఫోన్ కాదు.

గుంటూరు_ఘాటు
మేనేజర్ టైముకి వచ్చాడా?

కొత్త_హెచ్‌వన్
నలభై నిమిషాలు లేటు. గద్ద దగ్గర ఆగమన్నప్పుడు ఆ మాత్రం ఆగాలట, వాళ్ల నాన్న గంటన్నర నిలబెట్టేవాడట.